మందారానికి భయం నేర్పిన వారం

సోమవారం

ఆ చొక్కా నేను కుట్టింది కాదు.

పొద్దున చల్లగంటల్లో దిగారు వాళ్ళు. ఐదుగురు. ఐదుగురి ఒంటి మీదా మా క్యాంపు చొక్కాలే. బూడిదరంగు గుడ్డ, ఎడమ భుజం మీద పసుపు పట్టీ. ఆ చొక్కాలు కుట్టేదీ ఉతికేదీ నేనొక్కణ్ణే. ఇరవై రెండేళ్ళుగా ఇంకో చెయ్యి పడలేదు. నాకు చెయ్యి వణుకుతుంది కనక జేబు కింద కుట్టు కాస్త పక్కకి పోతుంది. వాళ్ళ చొక్కాలకీ పోయింది. ఐదింటికీ ఒకే చోట, ఒకేలాగా. యంత్రం నా వంకరని కూడా వదల్లేదు.

ముందు నడిచినతని పేరు శ్రీకర్. సమీపం సంస్థ మనిషి. కుర్రాడే, నవ్వు మొహం. "బాగున్నావా బాబాయ్" అన్నాడు, నేనేదో చంకనెత్తుకు పెంచినట్టు. తలూపాను. కొత్తవాళ్ళ ముందు నాకు మాట పెగలదు. టీ పెట్టి ఇచ్చాను. వాళ్ళు తాగేశాక ఆ చొక్కాల మీద మంట పుట్టింది నాకు. ముందే పుడితే టీ పెట్టేవాణ్ణి కాదు.

డాక్టరమ్మలు ఇద్దరూ అడవిలో ఉన్నారు. ఎండ సైరన్ మోగే వేళకి వచ్చారు. సైరన్ మోగాక బయట ఎవరూ ఉండకూడదు. నిరుడు కట్టెలకని పోయిన కొండమనిషి ఒకాయన ఆ ఎండలో పడి ఇంటికి రాలేదు. పెద్ద డాక్టరమ్మ కాత్యాయని గారు చల్లగది గుమ్మంలో ఆ చొక్కాలు చూసి ఆగిపోయారు. నెత్తి మీద తడిగుడ్డ తీయడం కూడా మర్చిపోయారు. చిన్న డాక్టరమ్మ రెహానా ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "ఏంటి, మనకి కవలలు పుట్టారా" అంది. ఎవరూ నవ్వలేదు.

శ్రీకర్ లేచి నిలబడ్డాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఈ వారం నుంచి పిలుపులు మొదలవుతాయని, సహకరించాలని చెప్పాడు. పిలుపు అన్నది వాళ్ళ మాట. సాయంత్రం సైరన్ ఆగాక వెళ్ళిపోయారు.

వాళ్ళు పోయాక కాత్యాయని గారు నాకు ఈ కాగితాలిచ్చి, ఏ రోజుది ఆ రోజు రాయమన్నారు. క్యాంపు యంత్రాలకి కరెంటు ఇచ్చేది ఇప్పుడు సమీపం వాళ్ళే. యంత్రంతో చెప్పుకున్నది వాళ్ళ చెవిన పడుతుంది. కాగితానికి చెవుల్లేవు. ఊరిబడిలో ఏడు దాకా చదివాను. ఈ పనికి అది చాలు.

మంగళవారం

మా అడవిలో ఉన్నవి ఒరాంగుటాన్లు. కొండవాళ్ళు ఎర్రతాతలు అంటారు. తూర్పు దీవులన్నీ కాలిపోయినప్పుడు, మిగిలిన కొందరిని ఓడలో తెచ్చి ఈ కొండల్లో వదిలారు. వాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టారు. మనిషి పెట్టింది తినలేదు, బోనులో ఉండలేదు. పనసా, మేడీ, నేరేడూ, వాటంతట అవి కోసుకుని తింటాయి. చెట్టు మీదే పక్క వేసుకుని పడుకుంటాయి. ఇప్పుడు పధ్నాలుగు మంది. ఇంకెక్కడా లేరు అంటారు డాక్టరమ్మలు.

కాత్యాయని గారి పని కూర్చోవడం. వినడానికి నవ్వులాటగా ఉంటుంది. చెట్టు కింద, వీపు వాళ్ళకి పెట్టి కూర్చోవాలి. కళ్ళలోకి చూడకూడదు. మధ్యమధ్య చెయ్యి గోక్కోవాలి, గొంతులో మెల్లగా హుమ్మనాలి. రోజూ అదే చొక్కా, అదే కుంకుడు వాసన. మొదటి ఐదేళ్ళూ ఆవిడ నెత్తి మీద కొమ్మలు విరిచి వేశారట. ఆరో ఏడు ఒకరు వచ్చి అల్లంత దూరంలో కూర్చున్నారు. అప్పటినుంచి వాళ్ళు ఏం తింటారో, పిల్లకి ఏం నేర్పుతారో, ఏ రోగానికి ఏ ఆకు నములుతారో లోకానికి తెలిసింది. ఇన్నేళ్ళలో ఒక్కరిని కూడా ముట్టుకోలేదు ఆవిడ. ముట్టుకోకూడదన్నది క్యాంపు మొదటి నియమం.

ఈ రోజు చల్లగదిలో ఇద్దరూ మాట్లాడుకున్నదాన్ని బట్టి నాకు సంగతి తెలిసింది.

అడవి జంతువుని బలవంతంగా పట్టకూడదని చట్టం ఉంది. సూది కొట్టకూడదు, వల వేయకూడదు, ఎర పెట్టకూడదు. మంచి చట్టమే. కానీ జంతువు తనంతట తానుగా వస్తే అది పట్టినట్టు కాదు. అలా రప్పించడమే వాళ్ళ పిలుపు. తనంతట తాను వచ్చిందో లేదో చెప్పడానికి గుండెపెట్టె అని ఒకటుంది. దూరం నుంచే గుండె చప్పుడు చదువుతుంది. గుండె అదరకపోతే పచ్చ దీపం. అదిరితే ఎర్ర దీపం. పచ్చ వెలిగితే సమ్మతి ఇచ్చినట్టు. ఒక్కసారి ఎర్ర నిలకడగా వెలిగితే ఆ ప్రాణి జోలికి జన్మలో వెళ్ళకూడదు.

సమీపం వాళ్ళకి విశాఖలో అద్దాల తోట ఉంది. బయట ఎండలో తిరగలేని జనం టికెట్టు కొనుక్కుని అందులో నిజం జంతువు పక్కన కూర్చుంటారు. ఎలుగుల్ని పిలిచి చూశారు. దుప్పుల్ని పిలిచారు. మనిషిని చూస్తే ఏ గుండె అదరదు? అన్నిటికీ ఎర్రే వచ్చింది.

ఈ లోకంలో మనిషిని చూసి గుండె అదరనివి మా పధ్నాలుగు మందే.

"మనం వాళ్ళకి ఏం నేర్పాం రెహానా?" అన్నారు కాత్యాయని గారు. రెహానా గోడవైపు తిరిగి చెప్పులు విప్పుకుంటున్నట్టు కూర్చుంది. చెప్పులు అప్పటికే విప్పేసింది.

గురువారం

గుమ్మడిని తీసుకుపోయారు.

గుమ్మడి అంటే మగ ఒరాంగుటాన్. చెంపలు పొంగి గుమ్మడికాయ బద్దల్లా ఉంటాయి. పెద్దాయన. నా కంటే నెమ్మది.

తెల్లారుతూనే ఆకాశంలోంచి ఒక గదిని దించారు. నాలుగు మూలలా గాలిరెక్కలు, చప్పుడు లేదు. పనసచెట్టు కొమ్మ ఎత్తులో ఆపారు. ఒక పక్క తలుపు తెరిచి ఉంది. లోపల ఇద్దరు మా చొక్కాల్లో, తలుపుకి వీపు పెట్టి కూర్చున్నారు. చెయ్యి గోక్కున్నారు. హుమ్మన్నారు. అచ్చం కాత్యాయని గారిలాగే.

ఎలా నేర్చుకున్నారంటే, పుస్తకం చూసి. ఒరాంగుటాన్ దగ్గర ఎలా కూర్చోవాలో ఆవిడే రాశారు. తన తరవాత వచ్చే ఆడపిల్లలకి పనికొస్తుందని రాశారు. బొమ్మలతో సహా ఉంటుంది. చొక్కా బొమ్మ కూడా ఉంది అందులో.

రెహానా పరిగెత్తుకొచ్చి చెప్పింది. కాత్యాయని గారు పళ్ళు తోముకుంటున్నారు. నోట్లో నురగతోనే పరిగెత్తారు. నేనూ వెనక వెళ్ళాను, నా కాళ్ళు వెళ్ళగలిగినంత.

గుమ్మడి అప్పటికి గది గుమ్మం దగ్గర ఒక కొమ్మ పట్టుకుని ఆలోచిస్తున్నాడు. గది కింద గుండెపెట్టె దీపం పచ్చకీ ఎర్రకీ మధ్య కొట్టుకుంటోంది. పూర్తిగా నమ్మకం కుదరలేదు ఆయనకి. ఇంకాసేపు ఆగితే వెనక్కి పోయేవాడేమో.

కాత్యాయని గారు చెట్టు కిందికి వచ్చి నిలబడి, రెండు చేతులూ ఊపి, వెళ్ళు వెళ్ళు అని అరిచారు.

గుమ్మడి కిందికి చూశాడు. ఆవిడని చూశాడు.

దీపం నిలకడగా పచ్చ అయిపోయింది.

ఆవిడ వచ్చింది కదా, ఇంక భయమేముంది అనుకున్నాడు. లోపలికి వెళ్ళి ఆ ఇద్దరి పక్కన కూర్చున్నాడు. తలుపు మెల్లగా మూసుకుంది. అద్దంలోంచి మావైపే చూస్తూ పైకి వెళ్ళిపోయాడు. ఏం జరిగిందో ఆయనకి తెలీదు.

శ్రీకర్ దగ్గరకొచ్చి చేతులు జోడించాడు. "మీరు సమయానికి వచ్చారండీ మేడం. మీరు లేకపోతే ఎర్ర పడేది."

నిజంగానే కృతజ్ఞతగా అన్నాడు. అందుకే ఇంకా అసహ్యం వేసింది నాకు.

శుక్రవారం

కాత్యాయని గారు అన్నం ముట్టలేదు. పొద్దున్నించీ అడవుల బోర్డుకి ఫోను. బోర్డులో ఇప్పుడు మనుషులు ఎత్తరు. గొంతుయంత్రం ఎత్తుతుంది. సమ్మతి నమోదైంది, నేరం జరగలేదు అంది. మళ్ళీ చేస్తే అదే. నాలుగోసారి చేస్తే, మీ సహకారానికి ధన్యవాదాలు అంది. ఫోనుని గోడకేసి కొట్టారు ఆవిడ. ఇన్నేళ్ళలో ఆవిడ ఏ వస్తువునీ కొట్టడం నేను చూడలేదు.

శ్రీకర్ కబురు పంపాడు. సోమవారం మందారాన్ని పిలుస్తారట. పిల్లతో సహా.

మందారం ఆడది. ఒళ్ళంతా ఎర్రటి నిప్పురంగు జుట్టు. పిల్ల పేరు చిట్టి. చిట్టి ఈ కొండల్లో పుట్టిన వాళ్ళలో అందరికంటే చిన్నది. మా మనుషులంటే దానికి అసలు బెరుకు లేదు. కూర్చున్నవాళ్ళ దగ్గరికి తనే దిగి వచ్చి జేబుల్లో చెయ్యి పెట్టి వెతుకుతుంది. జేబుల్లో ఏం ఉంచొద్దని నియమం. అయినా వెతుకుతుంది. ముట్టుకోకూడదన్న నియమం మాకే కానీ దానికి లేదు.

మధ్యాహ్నం చల్లగదిలో కాత్యాయని గారు చెప్పారు. మందారానికి ఆ చొక్కా అంటే భయం పుట్టాలి. సోమవారం ఎర్ర దీపం వెలగాలి. వెలిగితే తల్లీపిల్లా బతికిపోతారు.

రెహానా మండిపడింది. "వాళ్ళని కాపాడ్డానికి వచ్చి వాళ్ళనే కొడతామా అమ్మా? తల్లి బెదిరిపోయి పైనుంచి జారిపడితే? పిల్ల పడితే? మనం వేరే చొక్కాలు వేసుకుందాం. ఊదారంగు వేసుకుందాం."

"మనం ఏం వేసుకుంటే ఏంటే. వాళ్ళు ఇదే వేసుకొస్తారు."

"కోర్టుకి వెళ్దాం."

"సోమవారంలోపా?"

రెహానా లేచి అంది: "నావల్ల కాదు. మీరు చేస్తే నేను వెళ్ళిపోతాను." లోపలికి పోయి సంచీ సర్దుకుంది. కానీ సైరన్ మోగుతోంది, బయటికి అడుగు పెట్టడానికి లేదు. సంచీ పక్కన పెట్టుకుని గుమ్మం దగ్గరే కూర్చుంది సాయంత్రం దాకా. సైరన్ ఆగాక కూడా లేవలేదు. నేను మజ్జిగ ఇస్తే తాగింది. "తాతా, నువ్వు చెప్పవేం ఆవిడకి" అంది. నేనేం చెప్తాను. నాకు ఇద్దరూ న్యాయంగానే కనిపించారు. న్యాయం కానివాడు అక్కడ లేడు, విశాఖలో ఉన్నాడు.

శనివారం

ఈ రోజు కంచాలు మోగించాం.

కాత్యాయని గారు, నేను. రెహానా రాలేదు, దూరంగా చెట్టు చాటున నిలబడింది. ఆవిడ పళ్ళెం, నేను డబ్బా. మందారం పైన నేరేడుపళ్ళు తింటోంది. మేము కొట్టడం మొదలెట్టాం. అరిచాం. నాకు అరవడం చేతకాదు. హోయ్ హోయ్ అన్నాను, పశువుల్ని తోలినట్టు.

మందారం తినడం ఆపి చూసింది. మళ్ళీ తిన్నది.

చిట్టి మటుకు దిగి వచ్చింది. నా డబ్బా కావాలని చెయ్యి చాపింది. నేను ఇంకా గట్టిగా కొట్టాను. దానికి ఇంకా నచ్చింది. కొమ్మ పట్టుకుని వేలాడుతూ నోరు తెరిచి, నవ్వు లాంటిది నవ్వింది. చెట్టు చాటున రెహానాకి నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడ్చింది.

కాత్యాయని గారు రాయి తీసి విసిరారు. తగలకుండా విసిరారు. రాయి ఆకుల్లో పడింది. మందారం ఆ రాయి పడ్డ చోటికి వెళ్ళి వెతికి చూసింది. ఆవిడ ఏదో చూపిస్తోంది అనుకుంది కాబోలు.

మేము ఏం చేసినా మంచికే అనుకుంటోంది అది. అలా అనుకునేదాకా ఓపిక పట్టింది ఈవిడే. ఇప్పుడు ఆ ఓపికంతా మా మీదికే తిరిగింది.

తిరిగొచ్చేటప్పుడు ఆవిడ ఒక్కటే మాట అన్నారు. "చప్పుడు చాలదు పోలయ్య గారూ. నెప్పి తెలియాలి."



ఆదివారం

రాయాలని లేదు. రాస్తానని మాటిచ్చాను.

తెల్లవారకట్ల ఆవిడ నాకు ఒక చొక్కా ఇచ్చారు. నేను కుట్టినవాటిలోంచే. ఇన్నేళ్ళలో నేను ఆ చొక్కా వేసుకోలేదు. అది అడవిలోకి వెళ్ళేవాళ్ళది, నేను బట్టలవాణ్ణి. వేసుకోమన్నారు. తనొక్కదాన్ని చూసి భయపడితే చాలదట. చొక్కా చూసి భయపడాలి. కనీసం ఇద్దరం కావాలి. రెహానాని అడగలేదు. నన్ను అడిగారు. వేసుకున్నాను. గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

నేను వెదురుకర్ర పట్టుకుని పొద చాటున ఉన్నాను. ఆవిడ ఎప్పట్లాగే పనసచెట్టు కింద వీపు పెట్టి కూర్చున్నారు. హుమ్మన్నారు.  మళ్ళీ అన్నారు.

చిట్టి దిగింది. వెనకనుంచి వచ్చి ఆవిడ భుజం మీది పసుపు పట్టీ లాగింది. జేబులో చెయ్యి పెట్టింది.

ఆవిడ ఆ చేతిని పట్టుకున్నారు.

ఇరవై రెండేళ్ళ తరవాత మొదటిసారి ముట్టుకోవడం అది. చిట్టి ఆటనుకుంది. కిచకిచమంది. ఆవిడ లేచి నిలబడ్డారు, వదలకుండా. చిట్టి లాక్కుంది. ఆవిడ వదల్లేదు. అప్పుడు కీచుమంది.

మందారం పైన నమలడం ఆపింది. కానీ రాలేదు. ఇంకా నమ్ముతోంది. ఆవిడ చిట్టి చేతి మీద గోళ్ళు దింపారు. చిట్టి అరిచిన అరుపు రాయలేను.

మందారం దిగింది. అరవలేదు, మీదపడలేదు. ఆవిడకి జానెడు దూరంలో కూర్చుని ఆవిడ మొహంలోకి చూసింది. తరవాత అరచెయ్యి పైకి పెట్టి చాపింది. ఇమ్మని. మర్యాదగా అడిగింది. శ్రీకర్ కంటే మర్యాదగా.

"వదిలెయ్యండమ్మా" అన్నాను నేను.

"ఇంకా నన్నే చూస్తోంది. చొక్కా చూడ్డం లేదు. రండి మీరు."

ఆవిడ మొహం పక్కకి తిప్పుకుని చిట్టి చెయ్యి మెలిపెట్టారు. నేను కర్ర నేలకేసి కొడుతూ పొదలోంచి వచ్చాను. మందారం నన్ను చూసింది. నా మొహం కాదు. నా భుజం. పసుపు పట్టీ. మళ్ళీ ఆవిడ భుజం చూసింది. దానికి అర్థమవడం నేను కళ్ళారా చూశాను.

అప్పుడు కరిచింది.

ఆవిడ ఎడమచెయ్యి. చిటికెనవేలు పోయింది, పక్క వేలు సగం పోయింది. అప్పుడు కూడా చిట్టిని వదల్లేదు ఆవిడ. మందారం ఇంకోసారి నావైపు చూసి, ఒళ్ళంతా జుట్టు నిక్కబొడుచుకుని, పళ్ళు చూపించేదాకా పట్టుకునే ఉన్నారు. అప్పుడు వదిలారు. తల్లి పిల్లని పొట్టకి కరుచుకుని చెట్లమీద చెట్లు దాటుకుంటూ పోయింది. చాలాసేపు కొమ్మలు విరుగుతున్న చప్పుడు వినిపించింది.

నా చొక్కా చింపి ఆవిడ చేతికి కట్టాను. ఆవిడ ఏడవలేదు. చిట్టి చేతికి రక్తం వచ్చిందా, ఎముక ఏమైనా అయ్యిందా, మీరు చూశారా అని అడుగుతూనే ఉన్నారు దారంతా. రాలేదమ్మా, ఏం కాలేదమ్మా అన్నాను. నేను చూడలేదు.

క్యాంపులో రెహానా గాయం కడిగి కుట్లు వేసింది.  కుట్లు వేస్తున్నంతసేపూ సంచీ ఆమె పక్కనే ఉంది, సర్దినది సర్దినట్టే.

సోమవారం

గది దిగింది. ఇద్దరు లోపల కూర్చున్నారు. గోక్కున్నారు. హుమ్మన్నారు.

మందారం చాలా దూరంలో, చెట్టు చిటారున ఉంది. చిట్టి పొట్టకి అంటుకుని ఉంది. చెయ్యి బాగానే ఆడుతోంది, ఈ రోజు చూశాను. తల్లి గదిని చూసింది, భయం లేదు. గదంటే దానికేం భయం. అప్పుడు లోపలి ఇద్దరిలో ఒకడు కాస్త కదిలాడు, భుజం కనిపించింది.

దీపం ఎర్ర అయింది. కొట్టుకోలేదు, ఆగలేదు. భగ్గున వెలిగి అలాగే నిలిచింది.

మందారం ఎండుకొమ్మ విరిచి విసిరింది. ఇంకోటి విరిచింది. గది అద్దం మీద తగిలింది. లోపలివాళ్ళు వంగి కూర్చున్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వాను. చాలా రోజులైంది.

శ్రీకర్ మొహంలో నవ్వు లేదు ఈసారి. కాత్యాయని గారి కట్టు చూశాడు. గాయం ఎలా అయింది మేడం అన్నాడు. పనసకాయ కోస్తుంటే తెగింది అన్నారు ఆవిడ. పనసకాయకి పళ్ళుంటాయా అన్నాడు. మీరు తీసుకెళ్ళిన ఆయన్ని అడగండి, చెప్తాడు అంది రెహానా. అడవి జంతువుని హింసించడం ఎంత నేరమో తెలుసా అని మొదలెట్టాడు అతను. సంస్థకి నష్టం అన్నాడు. ఆ జంతువుకి జరిగిన అన్యాయం అన్నాడు. అన్యాయం అన్న మాట అతని నోటినుంచి విన్నాను నేను.

తరవాత నావైపు తిరిగాడు. "బాబాయ్, నువ్వు పెద్దవాడివి. అబద్ధం ఆడవు. ఏం జరిగిందో నువ్వు చెప్పు."

నోరు పెగలదనుకున్నాను. పెగిలింది.

"ముందు ఆ చొక్కా విప్పు."

ఏంటి బాబాయ్ అన్నాడు.

"నేను నీకు బాబాయిని కాదు. చొక్కా విప్పు. విప్పాక అడుగు."

విప్పలేదు. పక్కవాళ్ళ వంక చూసి నవ్వబోయాడు, నవ్వు రాలేదు. నేను అక్కడే నిలబడ్డాను, అతను కదిలేదాకా.  

మంగళవారం

బోర్డు జీపు వచ్చింది. కాత్యాయని గారు అడవి విడిచి వెళ్ళాలి. విచారణ అయ్యేదాకా ఈ కొండల్లో అడుగు పెట్టకూడదు. జంతువుకి హాని చేసినట్టు ఆరోపణ. గుమ్మడిని ఎత్తుకుపోయినవాళ్ళ మీద ఏమీ లేదు. గుమ్మడి అద్దాల తోటలో ఏమీ తినడం లేదని జీపు డ్రైవరు చెప్పాడు. వచ్చేవాళ్ళకి వీపు పెట్టి కూర్చుంటున్నాడట. జనం డబ్బు వెనక్కిమ్మంటున్నారట.

ఆవిడ ఏమీ సర్దుకోలేదు. పుస్తకాలన్నీ రెహానావి అన్నారు. నాతో, చలికాలానికి చొక్కాలు కుట్టాలి కదా, గుడ్డ చూసుకోండి అన్నారు. సరేనన్నాను. అంతకంటే మాట్లాడుకోలేదు మేము. ఇరవై రెండేళ్ళు ఒకే క్యాంపులో ఉన్నాం, మా ఇద్దరికీ ఎక్కువ మాటలు అక్కర్లేదు.

కొండ మలుపు దాకా జీపు వెనక నడిచాను. అక్కడ చెట్టు మీద మందారం ఉంది. ఆవిడ జీపులోంచి తల బయటికి పెట్టి పైకి చూశారు. చొక్కా తొడుక్కునే ఉన్నారు.

మందారం జుట్టు నిక్కబొడుచుకుంది. కొమ్మ విరిచి గురి చూసి వేసింది. జీపు మీద పడి పెద్ద చప్పుడయింది. డ్రైవరు తిట్టాడు.

"బావుంది" అన్నారు కాత్యాయని గారు. "చాలా బావుంది." 

బుధవారం

తెల్లారేసరికి రెహానా చొక్కా వేసుకుని గుమ్మంలో నిలబడింది. సంచీ విప్పేసింది. చేతిలో వెదురుకర్ర.

"పద తాతా."

ఎందుకని నేను అడగలేదు. శ్రీకర్ నిన్నే బోర్డుకి కొత్త పేర్లు ఇచ్చాడు. మిగిలినవాళ్ళలో ఒక్కొక్కరినీ పిలుస్తారట. కాత్యాయని గారు లేరు కాబట్టి తేలిగ్గా అయిపోతుందనుకున్నాడు.

బంతి అని ఒక పడుచు ఒరాంగుటాన్ ఉంది. రెహానా ఇక్కడికి వచ్చిన ఏడాది పుట్టింది. ఆమె కూర్చుంటే పక్కనే కూర్చుంటుంది. రెహానా వాగు దగ్గర కూర్చుంది, వీపు పెట్టకుండా, ఎదురుగా. హుమ్మనలేదు. బంతి అయినా వచ్చింది. చేతిలో సగం తిన్న మేడిపండు ఉంది. దాన్ని రెహానా ముందుకి చాపింది. తినమని. వాళ్ళలో తల్లి పిల్లకి తప్ప ఎవరూ ఎవరికీ పెట్టరు. మనిషికి అలా పెట్టడం నేనెప్పుడూ వినలేదు. రెహానా కూడా విని ఉండదు. ఇంకో రోజు అయితే ఆమె దాని మీద ఒక పుస్తకం రాసేది.

రెహానా కర్ర ఎత్తి ఆ చెయ్యి మీద కొట్టింది.

పండు నీళ్ళలో పడింది. బంతి కదల్లేదు. కొట్టిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుని చూసుకుంది. మళ్ళీ రెహానా మొహంలోకి చూసింది. రెహానా ఇంకోసారి కొట్టింది. మూడోసారి కొట్టింది. మూడోదానికి ఆమె కూడా అరిచింది, బంతి కంటే గట్టిగా, నోటికొచ్చిన బూతులన్నీ అరిచింది. అవి బంతికి కాదు. ఎవరికో ఇక్కడ రాయక్కర్లేదు. నేను కర్రతో చెట్లు బాదుతూ ముందుకొచ్చాను. బంతి అప్పుడు పరిగెత్తింది.

వాగులో చేతులు కడుక్కున్నాం. సైరన్‌కి ఇంకా టైముంది. రెహానా కళ్ళు తుడుచుకుని, ఇంకెవరెవరు మిగిలారు తాతా అని అడిగింది. ఒక్కొక్కరి పేరూ చెప్పాను.

ఇంకా పది మంది మమ్మల్ని నమ్ముతున్నారు. రేపు ఇంకా పెందలాడే బయల్దేరాలి.